పక్కన ఒకరు కూర్చోవాలి



బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి వస్తే మా పామర్రు. గుడివాడ మీదుగా భీమవరం వైపు పోయే జాతీయ రహదారి మా ఊళ్లోనే మొదలవుతుంది. బెజవాడ నుంచి కూచిపూడి వెళ్లేవాళ్లు మా ఊరి మీదుగానే వెళ్తారు. ఎన్టీ రామారావు గారు పుట్టిన నిమ్మకూరు మా మండలంలోదే. నేను చాలా ఏళ్లు హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక ఇక్కడే ఉంటున్నాను. సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు పుస్తకాలు పట్టుకుని చేరతారు. ఈరోజు మీతో చెప్పబోయే మాటలు ఆ అరుగు మీద పుట్టినవే.

కిందటి వేసవి సెలవుల్లో, తొమ్మిది పూర్తయి పదిలోకి రాబోతున్న ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోను పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, ఇది చూడండి. అమెరికా యూనివర్సిటీ అంట. కానీ మన పుస్తకంలో లెక్కే చెబుతున్నారండీ" అంది. చూశాను. నల్లబల్ల, సుద్దముక్క, ఒక పెద్దాయన. ఆయన పేరు గిల్బర్ట్ స్ట్రాంగ్. ఎం.ఐ.టి. అంటారే, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అక్కడ 1962లో ఉద్యోగంలో చేరి 2023 మే నెలలో ఆఖరి పాఠం చెప్పిన మనిషి. ఆ అమ్మాయి చూపించింది 1999లో రికార్డు చేసిన లీనియర్ ఆల్జీబ్రా తరగతుల్లో మొట్టమొదటిది.

ఆ మొదటి పాఠంలో ఆయన బల్ల మీద రాసిన రెండు సమీకరణాలు చెబుతాను. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. రెండు ఎక్స్ మైనస్ వై ఈజ్ ఈక్వల్ టు సున్నా. ఇది మొదటిది. మైనస్ ఎక్స్ ప్లస్ రెండు వై ఈజ్ ఈక్వల్ టు మూడు. ఇది రెండోది. ఇంతే.

మన పదో తరగతి లెక్కల పుస్తకంలో 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత' అని ఒక పాఠం ఉంది. ఒక్కో సమీకరణానికి గ్రాఫు కాగితం మీద ఒక్కో సరళరేఖ గీస్తాం. రెండు గీతలూ ఎక్కడ ఖండించుకుంటే అదే సాధన. ఈ లెక్కలో ఎక్స్ ఒకటి, వై రెండు. ఇంతవరకు మన పిల్లలు చేసేదే ఆయనా చేశారు. ఆ తర్వాత ఇంకో బొమ్మ గీశారు. అడ్డంగా చదివిన సమీకరణాలను ఈసారి నిలువుగా చదవమన్నారు. ఎక్స్ ముందున్న అంకెలు పైనుంచి కిందికి చదివితే రెండు, మైనస్ ఒకటి. వై ముందున్నవి మైనస్ ఒకటి, రెండు. కుడివైపున మిగిలినవి సున్నా, మూడు. ఈ ఒక్కో జంటా మూలబిందువు దగ్గర బయల్దేరే ఒక బాణం అనుకోండి. మొదటి బాణాన్ని ఎన్నిసార్లు, రెండో బాణాన్ని ఎన్నిసార్లు వేస్తే మూడో బాణం కొస దగ్గరికి చేరతాం? అదీ ప్రశ్న. మొదటిది ఒక్కసారి వేసి, అది ఆగినచోటు నుంచి రెండోది రెండుసార్లు వేస్తే సరిగ్గా సున్నా, మూడు దగ్గరికి వస్తాం. మళ్లీ అదే జవాబు, ఎక్స్ ఒకటి, వై రెండు. దారి మాత్రం వేరు.

ఆ అమ్మాయి రఫ్ నోటులో బాణాలు గీసింది. మొదటిసారి రెండో బాణాన్ని కూడా మూలబిందువు దగ్గర్నుంచే మొదలుపెట్టింది. కుదర్లేదు. రబ్బరుతో తుడిపేసి, మొదటి బాణం కొస మీద పెన్సిలు మొన ఆనించి, గళ్లు లెక్కపెట్టుకుంటూ మళ్లీ గీసింది. సున్నా, మూడు దగ్గర పెన్సిలు ఆగింది. తలెత్తి నా వైపు చూసింది. నేను బడికి వెళ్లినన్నాళ్లూ ఆ చూపు కోసమే వెళ్లాను.

ఇంటర్లో మాత్రికలు, సదిశలు అని పాఠాలు వస్తాయి. అక్కడ సూత్రాల వరసగా వచ్చి పిల్లల్ని భయపెట్టేది, ఇక్కడ ముందుగానే బొమ్మగా వచ్చి కూర్చుంది. పదో తరగతికి, పెద్ద విశ్వవిద్యాలయానికి మధ్య ఉందనుకున్న గోడ ఆ పాఠం దగ్గర లేదు. అన్నిచోట్లా లేదని నేను అనను. ఆ వరసలోనే ఐదో ఆరో వీడియోకి వెళ్లేసరికి మా అమ్మాయికి అందలేదు. పక్కన పెట్టేశాం. అందులో తప్పేమీ లేదు. కోర్సంతా పూర్తి చేయాలన్న నియమం హైస్కూలు పిల్లకు ఎందుకు? తన పుస్తకంలోని ఒక పాఠానికి కొత్త వెలుగు ఎక్కడ దొరికితే అక్కడివరకు వెళ్లి వస్తే చాలు.

ఇవన్నీ ఉచితంగా ఎలా వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి. పాఠాలను ఇంటర్నెట్లో పెట్టి డబ్బు చేసుకుందామని అమెరికాలో చాలామంది లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో, 2001 ఏప్రిల్‌లో, ఎం.ఐ.టి. తన పాఠాలన్నీ ఊరికే ఇచ్చేస్తానని ప్రకటించింది. ఓపెన్‌కోర్స్‌వేర్ అని పేరు పెట్టారు. 2002లో 50 కోర్సులతో మొదలైంది. 2007 నాటికి 1,800 అయ్యాయి. ఇప్పుడు 2,500 పైమాటే. పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు. చాలా కోర్సులకు ఇంటిదగ్గర చేయాల్సిన లెక్కలు, పాత పరీక్ష పేపర్లు, కొన్నింటికి జవాబులు కూడా ఉన్నాయి. 2007లోనే హైస్కూలు పిల్లలకు పనికొచ్చేవి ఏరి విడిగా ఒకచోట పెట్టారు. అంటే ఈ పాఠాలు బడిపిల్లలు కూడా చూస్తారని వాళ్లు ఆనాడే గ్రహించారు.

మన దేశమూ వెనకబడలేదు. ఏడు ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ఎన్‌.పి.టి.ఇ.ఎల్. అనే వీడియో పాఠాల పథకం మొదలుపెట్టాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' అనే ఆన్‌లైన్ చదువుల వేదిక తెచ్చింది. వీటిలో పాఠం వినడానికి పైసా ఇవ్వనక్కర్లేదు. చివర పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. 2022లో మద్రాసు ఐ.ఐ.టి. వాళ్లు బడిపిల్లలకూ కాలేజీ పిల్లలకూ కలిపి, లెక్కల ద్వారా కొత్తగా ఆలోచించడం నేర్పే ఒక కోర్సు ఉచితంగా పెట్టారు. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థతో ఒప్పందం చేసుకుంది. అది డిగ్రీ, ఇంజనీరింగ్ చదివేవాళ్లకు. హైస్కూలు పిల్లల దాకా అది రాలేదు. అంతకుముందు 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులు పంచారు. పరికరాలు వచ్చాయి, పాఠాలు ఉన్నాయి. మధ్యలో మనిషే లేడు. నా బాధంతా అక్కడే.

మంగోలియా కథ ఒకటి చెబుతాను, వినండి. 2012లో ఎం.ఐ.టి. మొట్టమొదటిసారి 'సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్' అనే కోర్సును పరీక్షలు, మార్కులతో సహా ప్రపంచానికంతటికీ ఆన్‌లైన్లో పెట్టింది. చెప్పిన ప్రొఫెసర్లలో ముఖ్యుడు అనంత్ అగర్వాల్. మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకున్నవాడు, తర్వాత ఎడెక్స్ నడిపినవాడు. రమారమి లక్షా యాభై ఐదు వేలమంది పేర్లు ఇచ్చారు. పాసైనవాళ్లు 7,157 మంది. నూటికి ఐదుగురు కూడా కాదు. నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాళ్లు 340 మంది. వాళ్లలో ఉలాన్‌బాటర్ నగరపు పదిహేనేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. మన లెక్కన పదో తరగతి వయసు. పత్రికలన్నీ రాశాయి, మరుసటి ఏడాది అతను ఎం.ఐ.టి.లోనే చేరాడు కూడా.

ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆ కుర్రాడి తెలివి గురించి చెబుతారు. నేను చదివినప్పుడు నా కళ్లు వేరేచోట ఆగాయి. అతని బడి హెడ్‌మాస్టరు ఎం.ఐ.టి.లో చదువుకొచ్చిన మంగోలియా మనిషి. ఆ కోర్సు చదవండని పిల్లల్ని కూర్చోబెట్టింది ఆయనే. సుమారు ఇరవైమంది కలిసి మొదలుపెట్టారు. స్టాన్‌ఫోర్డ్ నుంచి ఒక పరిశోధక విద్యార్థి ప్రయోగ సామాన్లు వెంటబెట్టుకుని వచ్చి, కొన్ని వారాలు వాళ్లతో ఉండి, తీగలు కలపడం దగ్గరుండి నేర్పించాడు. ఆ కుర్రాడు నేర్చుకున్నదానితో ఏం చేశాడో తెలుసా? ఇంటి గ్యారేజీలోంచి కారు బయటికి వస్తుంటే మోగే సైరను ఒకటి తయారుచేశాడు. బయట ఆడుకునే చెల్లెలికి దెబ్బ తగలకూడదని.

తెరమీది పాఠం అందరికీ ఒకటే. లక్షా యాభై వేలమందికి అదే గొంతు, అదే బొమ్మ. ఆ ఇరవైమందికి అదనంగా దొరికింది ఒక హెడ్‌మాస్టరు, ఒక అన్న, ఒక బల్ల, చుట్టూ తోటిపిల్లలు.

ఇలాంటి కథ మన దేశంలోనూ ఉంది. అదే కోర్సు చదివిన జబల్‌పూర్ కుర్రాడు ఒకడు, దాని తర్వాతి కోర్సు ఆన్‌లైన్లో లేదని తెలిసి ఊరుకోలేదు. ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉన్న పాత పాఠాలు తీసుకుని, తోటి విద్యార్థులతో కలిసి తామే ఆ కోర్సు నడిపారు. అతనికీ తర్వాత ఎం.ఐ.టి.లో సీటు వచ్చింది. నన్ను కదిలించింది ఆ సీటు కాదు, 'తోటి విద్యార్థులతో కలిసి' అన్న మాట.

అంతదూరం ఎందుకు, మన నూజివీడు చూడండి. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని మార్కులు చూసి నేరుగా తీసుకున్నారు. మనమంతా ట్రిపుల్ ఐటీ అంటాం. దాని మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసరై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నవారు. మొదటి ఏళ్లలో అక్కడ పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, చాలా పాఠాలు రికార్డు చేసిన వీడియోలుగానే వినిపించారు. తరగతి గదిలో సందేహాలు తీర్చడానికి మెంటర్లను పెట్టారు. పల్లె పిల్ల వీడియో చూసి పెద్ద చదువు చదవగలదా అన్న ప్రశ్నకు మన జిల్లాల పిల్లలు అప్పుడే జవాబిచ్చారు. చదవగలదు, పక్కన అడగడానికి ఒకరుంటే.

ఈ మాట ఈ గడ్డకు కొత్త కాదు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయ మహాసభ మొదటిసారి బెజవాడలోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో కృష్ణకు ఆవలి గట్టున, పాతూరి నాగభూషణం గారి పూనికతో పెదపాలెం గ్రంథాలయం వాళ్లు పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువలో పంపించారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య ఆ పడవ తిరిగింది. అప్పట్లో కాలువలే మన రోడ్లు. ప్రయాణం సాగినంతసేపూ జనం చదువుకునేవారు. చదవడం రానివాళ్లకు చదివి వినిపించడం కూడా ఆ గ్రంథాలయోద్యమంలో భాగమే. పుస్తకం పంపితే పని అయిపోయిందని ఆ పెద్దలు అనుకోలేదు. పుస్తకంతో పాటు మనిషినీ పంపారు. ఇప్పుడు పుస్తకం, పాఠం, ప్రొఫెసరు అన్నీ ఫోనులోకి వచ్చేశాయి. ఆ మనిషి స్థానం ఖాళీగా ఉంది.

దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగునాట పుట్టినప్పుడు దాని పాఠాలు కొన్ని రేడియోలోనే వచ్చాయి. వినిపించే చదువు మనకు అలవాటే.

ఇక అరుగు మీద మేం ఏం చేస్తున్నామో చెబుతాను. ఎవరికైనా పనికొస్తుందేమో.

మొదటి ఇబ్బంది ఇంగ్లీషు. దీనికి మందు పిల్లల సంచీలోనే ఉంది. ప్రభుత్వం ఇచ్చే పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉన్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. వీడియోలో 'ఇంటర్‌సెక్షన్' అన్నారనుకోండి, వీడియో ఆపి, పుస్తకంలో ఇంగ్లీషు పేజీలో ఆ మాట వెతికి, ఎదురు పేజీలో 'ఖండనం' అని చూసుకుంటారు. నోటు పుస్తకం వెనక పేజీల్లో రెండూ పక్కపక్కన రాసుకుంటారు. ఆ వేసవి అయ్యేసరికి మా అమ్మాయి నోటులో అలాంటి మాటలు నాలుగు పేజీలు నిండాయి. వీడియో కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకుంటారు. వేగం ముప్పావుకి తగ్గిస్తారు. పది నిమిషాలు చూశాక ఆపేసి, ఫోను బోర్లా పెట్టి, చూసినది కాగితం మీద తామే చేయాలి. ఇది నేను పెట్టిన షరతు. చూస్తున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. ఫోను బోర్లా పెట్టాకే ఎంత వచ్చిందో తెలుస్తుంది.

తెలుగులోనే కావాలంటే, బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి. కంప్యూటరు పనులు, ప్రోగ్రామింగ్ నేర్పే చిన్న చిన్న పాఠాలు. వాటిలో చాలావాటికి తెలుగు గొంతు ఉంది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఫెట్' అనే ప్రయోగాల బొమ్మలు ఉన్నాయి. వాటిని మొదలుపెట్టింది నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్. బ్యాటరీ, బల్బు, తీగ తెర మీదే కలిపి చూడొచ్చు. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఎన్‌.పి.టి.ఇ.ఎల్. పాఠాలు కొన్నింటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి.

రెండో ఇబ్బంది ఫోను. మా అమ్మాయికి ఫోను దొరికేది నాన్న పని నుంచి వచ్చాక, రాత్రి ఎనిమిది తర్వాత. ఆ రోజు డేటాలో ఎంత మిగిలితే అంత. ఆడపిల్ల చేతికి ఫోను ఇవ్వడానికి ఇంట్లో జంకుతారు. ఆ జంకును నేను తప్పుపట్టను. కానీ నలుగురి మధ్య, పెద్దవాళ్ల కళ్లముందు, పెద్ద తెర మీద చూసే పాఠానికి ఆ భయం అక్కర్లేదు కదా. అందుకే పిల్లలు కలిసి చూసేందుకు ఊరికొక గది అడుగుతున్నాను.

మూడోది కాలం. పది పరీక్షలు అవ్వగానే మన పిల్లల్ని హాస్టలు కాలేజీల్లో చేర్చేస్తాం. తెల్లవారకముందు లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అక్కడ తీరిక ఉండదు, ఫోను ఉండదు, కొత్త ప్రశ్నకు చోటుండదు. ఇష్టంతో నేర్చుకోవడానికి మన బిడ్డకు మిగిలింది ఎనిమిది, తొమ్మిది తరగతులు, పది తర్వాత వేసవి. ఈ కాస్త కాలాన్ని కూడా ఇంటర్ కోచింగుకి ముందస్తు కోచింగు అని లాగేసుకోకండని తల్లిదండ్రుల్ని వేడుకుంటున్నాను. ఈ ఉచిత పాఠాలను ర్యాంకు కోసం వాడే ఇంకో కోచింగుగా మార్చినా అంతే నష్టం. సర్టిఫికెట్ల కోసం తొమ్మిదో తరగతి పిల్లల్ని పరిగెత్తించకండి. మా అమ్మాయి గీసిన బాణాలకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ లెక్కను ఆమె ఇప్పుడు వాళ్ల తమ్ముడికి చెబుతోంది.

మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మాట. స్ట్రాంగ్ గారి పాఠం చూశాక నాకు కాస్త సిగ్గేసింది. అదే పాఠాన్ని ఎన్నో ఏళ్లు చెప్పాను. నిలువుగా చదివించాలన్న ఆలోచనే నాకు రాలేదు. రిటైరయ్యాక నేర్చుకున్నాను. మీకు ఇంకా తరగతి గది చేతిలో ఉంది. పాఠం చెప్పే ముందు రాత్రి ఒక్క వీడియో చూడండి. పిల్లలకు చూపించకపోయినా ఫర్వాలేదు, మీ సుద్దముక్కలోకి అది వచ్చేస్తుంది.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు మన డెల్టాలో లేని ఊరు లేదు. సంక్రాంతికి, వేసవికి ఇంటికొస్తారు. బాబూ, అమ్మా, ఆదివారం పొద్దున రెండు గంటలు మీ ఊరి బడికి వెళ్లండి. హెడ్‌మాస్టరు గారిని అడిగి ఒక గది తెరిపించండి. బడి కుదరకపోతే శాఖా గ్రంథాలయం, అదీ కాకపోతే రామాలయం అరుగు. ల్యాప్‌టాప్ పెట్టి, పాఠం పది నిమిషాలు నడిపించి, ఆపి, "ఏం అర్థమైంది?" అని అడగండి. మీకూ తెలియనిది వస్తే తెలియదని చెప్పి పిల్లలతో కలిసి వెతకండి. ఈ జిల్లా నుంచి వెళ్లి అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు పుట్టిన ఊరికి గుడులు కట్టించారు, నీళ్ల ట్యాంకులు కట్టించారు. ఇప్పుడు వారానికి ఒక గంట ఇవ్వండి. మీరు చదివిన ఆ పాఠాలనే మీ ఊరి తొమ్మిదో తరగతి పిల్లల పక్కన కూర్చుని, తెలుగులో, మళ్లీ ఒకసారి చదవండి.

పామర్రు చుట్టుపక్కల పిల్లలెవరైనా ఇది వింటూ ఉంటే, సాయంత్రం ఐదున్నర తర్వాత మా అరుగు మీద చోటు ఉంటుంది. పెన్సిలు, రబ్బరు, గ్రాఫు కాగితం తెచ్చుకోండి. ఫోను ఒక్కటి ఉంటే చాలు, అది మా ఇంట్లో ఉంది.